జానెడు చేప మూరెడైతే.. బరువు ఎనిమిదింతలు!

కాకినాడ: మూర అంటే రెండు జానలు. ఆ లెక్కన మూరెడు చేప బరువు రెండు జానెడు చేపల బరువుతో సమానం కావాలి. కానీ తక్కెడలో వేసి చూస్తే రెండు కాదు, దాదాపు ఎనిమిది జానెడు చేపలు వేస్తే గానీ ముల్లు సరితూగదు. కాకినాడ కుంభాభిషేకం రేవులోనైనా, అంతర్వేది, నరసాపురం తీరాల్లోనైనా, ధవళేశ్వరం దిగువన పులసల వేట సాగే గోదావరి పాయల్లోనైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. చేప పొడవుకు, బరువుకు మధ్య ఉన్న ఈ సంబంధాన్ని మత్స్య శాస్త్రవేత్తలు శతాబ్దానికి పైగా అధ్యయనం చేస్తున్నారు. చేప ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి, రేవుకు చేరిన సరుకును లెక్కగట్టడానికి, ఎంత చేపను పట్టకూడదో నిర్ణయించడానికి ఈ లెక్కే ఆధారం. పిల్ల చేపను పట్టడం వల్ల మత్స్యకారుడు ఎంత నష్టపోతున్నాడో చెప్పేదీ ఇదే.

ఎనిమిదింతలు ఎలా?

చేప పెరిగేటప్పుడు పొడవు ఒక్కటే పెరగదు. వీపు నుంచి పొట్ట వరకు ఉండే ఎత్తు, ఒంటి మందం కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతాయి. పొడవు రెట్టింపైతే ఎత్తు రెట్టింపు, మందం రెట్టింపు అవుతాయి. రెండును మూడుసార్లు గుణిస్తే ఎనిమిది. చేప శరీరం సాంద్రత వయసుతో పెద్దగా మారదు కనుక పరిమాణం ఎన్ని రెట్లు పెరిగితే బరువూ ఇంచుమించు అన్ని రెట్లు పెరుగుతుంది. దీనినే శాస్త్రవేత్తలు ఘన సూత్రం అంటారు.

ఈ సూత్రం ప్రకారం బరువు రెట్టింపు కావడానికి పొడవు రెట్టింపు కానవసరం లేదు. సుమారు 26 శాతం పెరిగితే చాలు. 25 సెంటీమీటర్ల చేప ఆరున్నర సెంటీమీటర్లు పెరిగేసరికి బరువు రెండింతలవుతుంది. ఒక మోస్తరు ఒడ్డూ పొడుగూ ఉన్న చేపను నమూనాగా తీసుకుని లెక్కవేస్తే ఇలా ఉంటుంది.

20 సెంటీమీటర్లు – 80 గ్రాములు
30 సెంటీమీటర్లు – 270 గ్రాములు
40 సెంటీమీటర్లు – 640 గ్రాములు
50 సెంటీమీటర్లు – 1,250 గ్రాములు

మొదటి పది సెంటీమీటర్ల పెరుగుదలకు చేరిన బరువు 190 గ్రాములు కాగా, చివరి పది సెంటీమీటర్లకు చేరినది 610 గ్రాములు కావడం గమనార్హం. ఇవి సూత్రం అర్థం కావడానికి వేసిన లెక్కలే తప్ప ఏదో ఒక జాతి చేపకు చెందిన కొలతలు కావు. జాతిని బట్టి అసలు అంకెలు మారతాయి.

రెండు అంకెల్లో చేప స్వరూపం

అన్ని చేపలూ ఒకే ఆకారంలో ఉండవు. చందువా పళ్లెంలా వెడల్పుగా, రిబ్బన్ చేపగా పిలిచే సావిడాయి పట్టీలా సన్నగా ఉంటాయి. అందుకే శాస్త్రవేత్తలు ఘన సూత్రాన్ని కొద్దిగా సవరించి వాడతారు. పొడవును ‘బి’ అనే ఘాతానికి పెంచి, వచ్చిన ఫలితాన్ని ‘ఎ’ అనే గుణకంతో గుణిస్తే బరువు వస్తుంది. ఈ రెండు విలువలను ఒక్కో జాతికి విడివిడిగా కనుగొంటారు.

‘ఎ’ విలువ చేప ఆకారాన్ని సూచిస్తుంది. ఒకే పొడవున్న చందువాను, సావిడాయిని పక్కపక్కన పెడితే చందువా ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. కాబట్టి చందువాకు ‘ఎ’ ఎక్కువ, సావిడాయికి చాలా తక్కువ. ఇక ‘బి’ విలువ పెరిగేకొద్దీ ఆకారం ఎలా మారుతోందో చెబుతుంది. అది సరిగ్గా 3 అయితే చిన్ననాటి ఆకారమే పెద్దయ్యాకా కొనసాగుతుందని అర్థం. దీనిని సమ వృద్ధి అంటారు. 3 కంటే ఎక్కువైతే చేప పెరిగేకొద్దీ దళసరి అవుతుంది. తక్కువైతే పొడవు సాగినంతగా ఒళ్లు రాదు. సన్నని చేపకు ‘బి’ తప్పక తక్కువ ఉంటుందనుకోవడం పొరపాటు. సన్నగా పుట్టిన చేప కూడా వయసుతో లావెక్కవచ్చు.

పైకి చిన్నదిగా కనిపించే ఈ తేడా తక్కెడలో పెద్దదవుతుంది. పొడవు రెట్టింపైనప్పుడు ‘బి’ 2.8 ఉన్న చేప బరువు ఏడింతలు, 3.2 ఉన్న చేప బరువు తొమ్మిదింతలకు పైగా పెరుగుతుంది. జర్మనీ శాస్త్రవేత్త రైనర్ ఫ్రోజ్ 2006లో 1,773 జాతులకు చెందిన 3,929 పొడవు–బరువు సూత్రాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ‘బి’ విలువ సాధారణంగా 2.5, 3.5 మధ్య ఉంటుందని, సగటున 3కు కొద్దిగా పైన ఉంటుందని ఆయన తేల్చారు. ప్రపంచంలోని చేపల వివరాలను అందించే ఫిష్‌బేస్ అనే సమాచార భాండాగారంలో వేలాది జాతుల ‘ఎ’, ‘బి’ విలువలు ఎవరైనా చూసుకునేలా అందుబాటులో ఉన్నాయి.

కాకినాడ తీరంలో పరిశోధనలు

ఈ అధ్యయనాల్లో కాకినాడకు చెప్పుకోదగ్గ స్థానం ఉంది. 1947లో ఏర్పాటైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) ఇక్కడ పరిశోధన కేంద్రాన్ని నడిపి, రేవులకు వచ్చే చేపలను దశాబ్దాల పాటు కొలిచింది. ఆ సంస్థకు చెందిన కె.ఎ.నరసింహం సావిడాయి పొడవు–బరువు సంబంధంపైనా, ఆ చేప దేహ పుష్టిపైనా రాసిన పరిశోధన వ్యాసం ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్ 1970 సంపుటిలో వెలువడింది. మరో శాస్త్రవేత్త వి.శ్రీరామచంద్రమూర్తి కాకినాడ తీరంలో ట్రాలర్లకు చిక్కే కారల జీవన విధానంపై చేసిన పరిశీలనలు 1983లో అదే పత్రికలో ప్రచురితమయ్యాయి.

ఉష్ణమండల తీరాల్లో ఈ లెక్కకు మరింత ప్రాధాన్యం ఉండటానికి కారణం లేకపోలేదు. చలి దేశాల్లో శీతకాలం రాగానే చేప ఎదుగుదల మందగిస్తుంది. ఆ గుర్తు చెట్టు మానులో వలయంలా పొలుసుపైనా, చెవి రాయిపైనా పడుతుంది. వలయాలు లెక్కిస్తే వయసు తెలిసిపోతుంది. మన సముద్రం ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది కనుక ఇక్కడి చేపల్లో అలాంటి వలయాలు అంత స్పష్టంగా కనిపించవు. ఒక్క ట్రాలర్ వలలోనే పదుల జాతులు కలగలిసి పడటం మరో చిక్కు. అందుకే వయసుకు బదులు పొడవును పట్టుకుని లెక్కలు వేసే పద్ధతులను ఉష్ణమండల దేశాల కోసం ప్రత్యేకంగా రూపొందించారు. 1980ల తొలినాళ్లలో డేనియల్ పౌలీ, ఆయన సహచరులు తయారుచేసిన ఎలిఫాన్ పద్ధతి వాటిలో ముఖ్యమైనది.

రేవులో పడిన ప్రతి చేపనూ తూచడం ఎవరివల్లా కాదు. నమూనాగా కొన్ని బుట్టల్లోని చేపల పొడవులు కొలిచి, ఏ పొడవువి ఎన్ని ఉన్నాయో రాసుకుంటారు. పొడవు–బరువు సూత్రం చేతిలో ఉంటే ఆ పట్టిక నుంచే బరువులు రాబట్టవచ్చు. పట్టుబడిన సరుకులో పిల్ల చేపల వాటా ఎంత, పెద్ద చేపల వాటా ఎంత అన్నదీ తేలుతుంది.

కొలతలో జాగ్రత్తలు

చేపను బల్లపై పక్కవాటుగా పడుకోబెట్టి, నోరు మూసి, మూతి కొసను బల్ల అంచుకు ఆనించి కొలవాలి. తోక చివరి వరకు తీసుకుంటే మొత్తం పొడవు, తోక చీలిక వద్దకు తీసుకుంటే చీలిక పొడవు, తోక రెక్క మొదలయ్యే చోటికి తీసుకుంటే ప్రామాణిక పొడవు అంటారు. వలలో పడి తోక చివరలు విరిగిన చేపలకు మొత్తం పొడవు సరిగా రాదు. ఏ కొలత తీసుకున్నారో చెప్పకుండా ఇచ్చిన అంకెకు విలువ ఉండదు. వంగిన ఒంటిపై టేపు పరచి కొలవడమూ తప్పే. అలా కొలిస్తే పొడవు ఎక్కువ చూపుతుంది.

పొరపాటు ఎంత చిన్నదైనా ఘన సూత్రం దానిని పెద్దది చేస్తుంది. 20 సెంటీమీటర్ల చేపను 21 అని రాస్తే పొడవులో తేడా 5 శాతమే. కానీ దాని నుంచి లెక్కగట్టిన బరువులో తేడా దాదాపు 16 శాతానికి చేరుతుంది. తూచే ముందు నీరు తుడవడం, పేగులు తీసిన చేపలను కలపకపోవడం, చిన్నా పెద్దా అన్ని పరిమాణాలూ ఉండేలా నమూనా ఎంచుకోవడం తప్పనిసరి. పొడవులకు, బరువులకు సంవర్గమానాలు తీసి గ్రాఫుపై గుర్తిస్తే చుక్కలన్నీ ఇంచుమించు ఒక సరళరేఖ వెంట అమరుతాయి. ఆ రేఖ వాలే ‘బి’. డిగ్రీ కళాశాల విద్యార్థులు కూడా తేలికగా చేయగల ప్రయోగమిది.

తల పెద్దది, ఒళ్లు సన్నం

బజారులో చేపను చేతిలోకి తీసుకుని ‘తలకాయే గానీ ఒళ్లు లేదు’ అని గృహిణులు పెదవి విరవడం మామూలే. శాస్త్రవేత్తలు అదే మాటను అంకెల్లో చెబుతారు. స్కాట్లాండ్‌కు చెందిన ఫుల్టన్ 1904లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు దారి చూపింది. చేప బరువును గ్రాముల్లో తీసుకుని వందతో గుణించి, పొడవు ఘనంతో భాగిస్తే వచ్చే అంకెను పుష్టి సూచిక అంటారు. 40 సెంటీమీటర్ల చేప 640 గ్రాములుంటే సూచిక 1 అవుతుంది. అంతే పొడవున్న అదే జాతి చేప 560 గ్రాములే ఉంటే 0.875కు పడిపోతుంది. 720 గ్రాములుంటే 1.125కు పెరుగుతుంది.

అయితే ‘బి’ విలువ 3 కాని జాతుల్లో చిన్న చేపను, పెద్ద చేపను ఈ సూచికతో పోల్చడం సరికాదు. 1951లో లె క్రెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని విండర్మియర్ సరస్సులోని పెర్చ్ చేపలను పరిశీలించి దీనికి పరిష్కారం చూపారు. ఆ పొడవుకు సూత్రం ప్రకారం ఎంత బరువు ఉండాలో లెక్కగట్టి, అసలు బరువును దానితో భాగించాలి. ఒకటి కంటే ఎక్కువ వస్తే చేప పుష్టిగా ఉన్నట్టు, తక్కువ వస్తే చిక్కినట్టు భావిస్తారు. కాకినాడ సావిడాయిల అధ్యయనంలో పరిశీలించినది కూడా ఇలాంటి సాపేక్ష పుష్టినే.

ఈ సూచిక కాలంతో పాటు మారుతుంది. ఆహారం దండిగా దొరికినప్పుడు, శెన నిండినప్పుడు పెరుగుతుంది. గుడ్లు పెట్టిన వెంటనే తగ్గుతుంది. నెలనెలా కొలిస్తే ఆ జాతి ఏ రుతువులో గుడ్లు పెడుతోందో అంచనా వేయవచ్చు. తీరంలో ఆహారం తగ్గిందా, నీరు పాడైందా అన్న అనుమానానికీ ఇది తొలి హెచ్చరికగా పనికొస్తుంది.

పులసకు వర్తిస్తుందా?

పుస్తెలమ్మయినా పులస తినాలన్న నానుడి గోదావరి జిల్లాల్లో తెలియనివారుండరు. సముద్రంలో ఉన్నంత కాలం విలసగా పిలిచే ఈ చేప, గోదావరికి ఎర్రనీరు వచ్చే వేళ గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీది పులస అవుతుంది. శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలిషా. 1847–1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్ట, అనంతరం 1970–1982 మధ్య నిర్మించిన బ్యారేజీ దీని ప్రయాణానికి ధవళేశ్వరం వద్ద అడ్డుగా నిలిచాయి. దీంతో పులస వేట ప్రధానంగా బ్యారేజీ దిగువ పాయలకే పరిమితమైంది.

పులస విషయంలో పొడవు–బరువు లెక్క కొన్ని చిక్కులు తెచ్చిపెడుతుంది. ఈ జాతిలో ఆడ చేపలు మగ చేపల కంటే పెద్దగా పెరుగుతాయి. నదిలోకి వచ్చేటప్పుడు ఆడ చేప పొట్టలోని శెన బరువు కూడా కలుస్తుంది. ఎదురీదే రోజుల్లో ఇది ఆహారం తక్కువగా తీసుకుంటుందని పరిశోధకులు చెబుతారు. అందుకే ఆడ, మగ చేపలకు వేర్వేరుగా సూత్రాలు కట్టడం, సముద్రపు చేపల కొలతలను నది చేపల కొలతలతో కలపకపోవడం అవసరం. గంగ చేపలకు కట్టిన సూత్రాన్ని గోదావరి చేపలకు గుడ్డిగా వాడటం కూడా సరికాదు.

ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే ఇలసను పులస పేరుతో అమ్ముతున్నారన్న ఫిర్యాదు ఏటా వినిపించేదే. టేపు, తక్కెడ పట్టుకుని ఈ మోసాన్ని కనిపెట్టలేరు. రెండూ ఒకే జాతి కావడంతో వాటి పొడవు, బరువు ఒకే పరిధిలో ఉంటాయి.

వందలో పదమూడు మిగిలినా చాలు

పిల్ల చేపల వేటపై ఈ సూత్రం చెప్పే సంగతి అత్యంత ముఖ్యమైనది. జాన అంటే 9 అంగుళాలు, దాదాపు 23 సెంటీమీటర్లు. మూర అంటే 18 అంగుళాలు, దాదాపు 46 సెంటీమీటర్లు. పైన చెప్పిన నమూనా లెక్క ప్రకారం జానెడు చేప సుమారు 122 గ్రాములు, మూరెడు చేప సుమారు 973 గ్రాములు తూగుతాయి. వంద జానెడు చేపలు పడితే వచ్చేది 12 కిలోల పైచిలుకు.

అదే వంద చేపలను నీటిలోనే వదిలితే అన్నీ బతకవు. కొన్నింటిని పెద్ద చేపలు మింగుతాయి, కొన్ని రోగాలతో పోతాయి. సగం చనిపోయి యాభై మాత్రమే మూరెడు పొడవుకు ఎదిగాయనుకుంటే బరువు 48 కిలోలు దాటుతుంది. నాలుగింట ఒక వంతే మిగిలినా 24 కిలోలు వస్తాయి. చివరకు వందలో 13 మిగిలినా తొలి బరువుకు లోటుండదు. పెద్ద చేపకు కిలో ధర కూడా ఎక్కువ పలుకుతుంది కనుక రాబడిలో తేడా ఇంకా పెరుగుతుంది. పైగా ఆ చేపలు వలలో పడేలోగా ఒక్కసారైనా గుడ్లు పెట్టి ఉంటాయి.

అయితే లెక్క కాగితంపై ఉన్నంత తేలిగ్గా నీటిలో అమలు కాదు. సముద్రం, నది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఒకరు వదిలిన చేపను పక్క పడవవారు పట్టుకుంటే వదిలిన వారికి మిగిలేది డీజిల్ ఖర్చే. రోజు గడవడమే కష్టమైన చిన్న మత్స్యకారుడు ఆరు నెలల తర్వాత వచ్చే లాభం కోసం నేటి కూడు వదులుకోలేడు. ఈ నియమం అందరికీ ఒకేసారి వర్తిస్తేనే ఫలితం ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక వేటను నిలిపివేయడం వెనుక ఉన్న ఉద్దేశమూ ఇదే. 2015 నుంచి ఈ విరామాన్ని 61 రోజులకు పెంచారు.

గోదావరి సాగర సంగమ ప్రాంతంలో దీపావళికి ముందూ వెనుకా దొరికే చీరమేను ఈ చర్చలో ప్రత్యేకమైనది. దారపు పోగుల్లాంటి ఈ చేప పిల్లలను యానాం పరిసరాల్లో శేరు, తవ్వ, గిద్ద వంటి కొలతలతో అమ్ముతారు. ఒక్కో పిల్ల బరువు తక్కెడకు అందనంత స్వల్పం. ఆ దశలో సహజ మరణాలు విపరీతంగా ఉంటాయి కనుక కొలపాత్రలోని ప్రతి పిల్లా పెద్ద చేప అయ్యేదేనని లెక్కగట్టడం సరికాదు. అలాగని ఆ వేటలో నష్టమే లేదనడానికీ వీల్లేదు.

నిబంధనల్లో పొడవే ఎందుకు?

పిల్ల చేపల రక్షణకు వివిధ ప్రభుత్వాలు తెచ్చిన నిబంధనల్లో బరువు కంటే పొడవుకే ప్రాధాన్యం ఉంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2013లో 23 సెంటీమీటర్ల లోపు ఇలస వేటను నిషేధించింది. అంటే సరిగ్గా జానెడు. బంగ్లాదేశ్‌లో ఈ పరిమితి 25 సెంటీమీటర్లు. కేరళ 2015లో 14 జాతులకు కనీస పొడవులు నిర్ణయించగా, 2017లో ఆ సంఖ్య 58కి చేరింది. అక్కడ నూనె కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14 సెంటీమీటర్లు కనీస పరిమితిగా పెట్టారు.

బరువు నిలకడగా ఉండదు. శెన ఉంటే ఎక్కువ, ఆకలితో ఉంటే తక్కువ, ఐసులో ఉంటే ఒకలా, ఎండలో ఉంటే మరోలా చూపుతుంది. పొడవు అంత తేలిగ్గా మారదు. అలలపై ఊగే పడవలో తక్కెడ నిలవదు గానీ, గీత గీసిన కర్రతో చేపను కొలవవచ్చు. మరో కారణం వల కన్ను. గిల్ వలలో చేప చిక్కేది దాని చుట్టుకొలతను బట్టి, ఆ చుట్టుకొలత ఆధారపడేది పొడవుపైన. కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది. చేప తొలిసారి గుడ్లు పెట్టే పొడవు తెలిస్తే ఎంత కన్ను వాడాలో చెప్పవచ్చు.

చెరువు రైతుకూ అక్కరకు

భీమవరం, ఆకివీడు, ఉండి ప్రాంతాల్లో చేపలు, రొయ్యలు పెంచే రైతులకు సాంపిల్ తీయడం కొత్త కాదు. విసురు వలతో కొన్ని చేపలను పట్టి, తూచి, సగటు బరువును బట్టి మేత నిర్ణయిస్తారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే కౌంటు కూడా ఇటువంటి అంచనాయే. తూకంతో పాటు పొడవునూ రాసుకుంటే అదనపు ప్రయోజనం ఉంటుంది. పొడవు పెరుగుతున్నా బరువు తగిన రీతిలో పెరగకపోతే మేత చాలడం లేదనో, చెరువులో పిల్లలు కిక్కిరిశాయనో, రోగం పొంచి ఉందనో అనుమానించాలి. ఇందుకు కావలసింది గీతలు గీసిన ఒక చెక్క పలక, ఒక కాటా, ఒక నోటు పుస్తకం. ప్రతి సాంపిల్‌లోనూ ఒకే రకం పొడవును కొలిచి, తేదీ వేసి రాసుకుంటే పంట మధ్యలోనే తేడా బయటపడుతుంది.